ముందే కొట్టిన గుమ్మడికాయ

స్వతంత్రంగా సినిమా తీసేవాళ్లకి ఆత్మవిశ్వాసం ఉండాలని పెద్దలు చాలాకాలంగా చెబుతున్నారు. చెప్పినంతకాలం ఎవరికీ నష్టం లేదు. ఉన్నవాళ్లు ఉంచుకున్నారు, లేనివాళ్లు లేకుండానే సినిమాలు తీసుకున్నారు. ఆ మాట ఉత్తర్వుగా మారి, ఉత్తర్వుకో మండలీ, మండలికో రెండంతస్తుల భవనమూ, భవనం ముందు వరసగా పూలకుండీలూ వచ్చాకే చిక్కు మొదలైంది.

దీనికంతటికీ మూలం ఒక నివేదిక. స్వతంత్ర చిత్రాల్లో సగానికి పైగా మధ్యలోనే ఆగిపోతున్నాయని, ఎందుకయ్యా ఆపేశారంటే దర్శకులందరూ నమ్మకం పోయిందన్నారని అందులో రాశారు. ఏ నమ్మకం, ఎవరి మీద పోయింది అని మాత్రం ఎవరూ అడగలేదు. నమ్మకం పోతోంది గనక దాన్ని పోకుండా చూడాలని నిర్ణయించి ‘స్వతంత్ర చలనచిత్రకారుల ఆత్మవిశ్వాస పరిరక్షణ మండలి’ని స్థాపించారు. ఇకమీదట ప్రభుత్వానికి చెందిన రోడ్డు మీద గానీ, బస్టాండులో గానీ, రేవులో గానీ కెమెరా పెట్టాలంటే, దర్శకులు తమ ఆత్మవిశ్వాసం తగుపాళ్లలో ఉన్నట్టు ధ్రువపత్రం చూపాలి. పెద్ద కంపెనీల వాళ్లకి ఈ నిబంధన లేదు. వాళ్లకి ఉంటుందని అందరికీ తెలుసు.

వాసంశెట్టి ఇందుమతి చెవిన ఈ సంగతి పడేసరికి ఆమె సినిమా మూడొంతులు పూర్తయింది. ఇందుమతికి ముప్పై మూడేళ్లు. తొమ్మిదేళ్లపాటు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసింది. తాళి కట్టేవేళ కరెంటు పోతే మళ్లీ కట్టించడం కుదరదు కాబట్టి, దొరికిన దాంతోనే కథ నడిపించడం ఆమెకి అక్కడే అబ్బింది. పెళ్లిళ్లకి కెమెరా పట్టిన దానియేలే ఈ సినిమాకీ కెమెరా పట్టాడు.

సినిమా ఏమిటంటే, కొత్తలంక రేవులో గోదావరి దాటించే పంటు మీద ముప్పై ఒక్క ఏళ్లుగా శనగలూ బఠాణీలూ అమ్ముతున్న మంగాయమ్మ కథ. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిస్తే పంటు. మనుషులూ, మోటారుసైకిళ్లూ, అప్పుడప్పుడూ ఓ పెళ్లికారూ దాని మీదే అవతలి ఒడ్డుకి చేరతాయి. మంగాయమ్మ వేషం మంగాయమ్మే వేసింది. నదికి అడ్డంగా వంతెన పూర్తయింది. పన్నెండో తారీకు మధ్యాహ్నం మూడున్నరకి పంటు ఆఖరిసారి కదులుతుంది. మర్నాడు దాన్ని విప్పి, కలప వేరు, ఇనుము వేరు చేసేస్తారు. సినిమాకి చివరి దృశ్యం ఆ ఆఖరి ప్రయాణమే. అది తప్పితే తీసిన మూడొంతులూ మొండెంలాగా మిగిలిపోతాయి.

ఆ దృశ్యంలో ఒక్క విషయం మాత్రం ఇందుమతికి తేలలేదు. పంటు దిగిన మంగాయమ్మ వెనక్కి తిరిగి చూడాలా, చూడకుండా వెళ్లిపోవాలా? రెండు రకాలుగానూ రాసుకుంది, రెండూ కొట్టేసుకుంది. చివరికి మంగాయమ్మనే అడిగింది.

“తిరగమంటే తిరుగుతానమ్మా, వద్దంటే మానేత్తాను,” అంది మంగాయమ్మ. “తిరిగితే ఏం సూడాలో సెప్పు.”

దానికి ఇందుమతి దగ్గర జవాబు లేదు. లేకపోవడం ఆమెకేమీ కొత్త కాదు. తొమ్మిదేళ్లలో ఏ పెళ్లికీ ముందుగా జవాబు దొరకలేదు, ఎడిటింగ్ బల్ల ముందు కూర్చున్నాకే దొరికింది. అందుకని ఆ సందేహాన్ని జోలెలో వేసుకుని, ధ్రువపత్రం కోసం మండలి భవనానికి వెళ్లింది. అప్పటికి పన్నెండో తారీకుకి ఇంకా ఇరవై రోజులుంది.

మండలిలో దరఖాస్తులు పుచ్చుకునే గుమస్తా పేరు అప్పాజీ. నెమ్మదైన మనిషి. మూడు కాపీల దరఖాస్తు ఇచ్చి, ఎక్కడెక్కడ సంతకాలు పెట్టాలో వేలితో చూపించాడు. దరఖాస్తుతోపాటు, అభ్యర్థి ఎవరి మీదా ఆధారపడకుండా స్వతంత్రంగా ఉన్నట్టు ఇద్దరు హామీదారులు సంతకం చేయాలి. ఇద్దరి సంతకం మీద ఆధారపడితే స్వతంత్రం ఎలా అవుతుందని ఇందుమతి అడిగితే, ఆ అనుమానం తనకీ వచ్చిందని, దాన్ని పైకి రాశానని, రెండేళ్లయినా జవాబు రాలేదని అప్పాజీ చెప్పాడు.

పద్నాలుగో ప్రశ్న దగ్గర ఆమె కలం ఆగింది. ‘చిత్రము యొక్క ముగింపు విషయమై అభ్యర్థికి సందేహము కలదా? కలదు / లేదు.’ ఇందుమతి ‘కలదు’ దగ్గర టిక్కు పెట్టి, పక్కన ఖాళీలో రాసింది: ‘మంగాయమ్మ వెనక్కి తిరగాలో లేదో నాకింకా తెలియదు. పంటు దిగేటప్పుడు చూస్తే తెలుస్తుంది.’

అప్పాజీ అది చదివి గొంతు తగ్గించాడు. “లేదని పెట్టెయ్యండమ్మా. అందరూ అదే పెడతారు.”

“ఉందండీ మరి.”

“ఉంటుందండి. ఎవరికుండదండి? కానీ ఇక్కడ ఉండకూడదండి.”

ఆమె మార్చలేదు. పెంకితనం కాదు, అబద్ధం రాస్తే తర్వాత తనకే గుర్తుండదని భయం. నాలుగో రోజున ఫలితం వచ్చింది. ‘అభ్యర్థిని యొక్క ఆత్మవిశ్వాసము నూటికి ముప్పది యెనిమిదిగా మదింపు చేయడమైనది. నిర్దేశిత పరిమితి అరువది నుండి డెబ్బది వరకు. కావున అభ్యర్థిని కింది అంతస్తునందలి అల్పవిశ్వాస విభాగమున మూడు దినముల శిక్షణ పొందవలెను.’ తిప్పి పంపిన మూడు కాపీల దరఖాస్తునీ ఇందుమతి మంగాయమ్మకి ఇచ్చింది. మంచి కాగితం కదా, పొట్లాలకి పనికొస్తుంది.

శిక్షణ ఇచ్చినాయన తూనికల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. సినిమా తీయలేదు సరికదా, చూడటం కూడా ఆయనకి అలవాటు లేదు. కానీ ఆయన ఆత్మవిశ్వాసం తొంభై ఎనిమిదని గోడ మీద ఫొటో కింద రాసి ఉంది. గోడకి అడ్డంగా ఇరవై అడుగుల గుడ్డ బ్యానరు కట్టారు. ‘సందేహమునకు తావు లేదు’ అని దాని మీద ఎర్ర అక్షరాలు. మూడు రోజులూ అభ్యర్థులు అద్దం ముందు నిలబడి, ఛాతీ విరుచుకుని, ‘నా చిత్రము అద్భుతము’ అని అరిచారు. పక్కన ఒకడు ఇంకా కథ కూడా రాసుకోలేదు. అందరికన్నా గట్టిగా అరిచింది వాడే. వాడికి మొదటిరోజు మధ్యాహ్నానికే ధ్రువపత్రం వచ్చేసింది.

ఇందుమతి గొంతు సహజంగానే పెద్దది. పెళ్లిపందిళ్లలో బాజాల మీదుగా దానియేలుని పిలిచి పిలిచి పెరిగిన గొంతు. మూడో రోజు సాయంత్రానికి ఆమె ఆత్మవిశ్వాసం ఎనభై నాలుగుకి చేరింది. డెబ్బై దాటింది కాబట్టి పై అంతస్తులో అతివిశ్వాస విభాగానికి వెళ్లమన్నారు. అతివిశ్వాసం వల్ల కూడా సినిమాలు ఆగిపోతాయని నివేదిక అనుబంధంలో ఉందట. పై అంతస్తులో అద్దాలు లేవు. ఓ చీకటి గదిలో కూర్చోబెట్టి, మధ్యలో ఆగిపోయిన సినిమాల పేర్లూ, దర్శకుల పేర్లూ, వాళ్లిప్పుడు చేస్తున్న ఉద్యోగాలూ నెమ్మదిగా చదివి వినిపించారు. రెండు రోజులు విన్నాక ఆమె యాభై ఒకటికి దిగింది. మళ్లీ కిందికి పంపారు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది ఆమె పని. మండలికి రాకముందు ఇందుమతికి సినిమా మీద సందేహం ఉండేది గానీ తన మీద లేదు. తనకి ఆత్మవిశ్వాసం ఉందా లేదా అని ఏనాడూ ఆలోచించలేదు, దోసె పోసేటప్పుడు ఎవరూ ఆలోచించనట్టే. ఇప్పుడు పొద్దున లేస్తూనే ఇవాళ ఎంత ఉందో అని చూసుకుంటోంది. ఒకరోజు మెట్ల మధ్యలో నిలబడి, తను పైకి వెళ్తోందో కిందికి దిగుతోందో మర్చిపోయింది. ఆ క్షణంలో నిజంగానే భయం వేసింది. ఈ మెట్ల మీదే పన్నెండో తారీకు దాటిపోతుందేమో, మంగాయమ్మ పంటు దిగి వెళ్లిపోతుంటే తనిక్కడ అద్దంలో అరుస్తూ ఉంటుందేమో అని కళ్లలో నీళ్లు తిరిగాయి.

అయిదో తారీకున క్షేత్ర పరిశీలన పెట్టారు. దర్శకురాలు పని చేస్తుండగా చూసి విశ్వాసం కొలుస్తారు. మంగాయమ్మ పెరట్లో ఆవిడ శనగలు వేయించే దృశ్యం ఒకటి మిగిలి ఉంటే, ఇందుమతి అది తీసింది. అప్పాజీ నులకమంచం మీద కూర్చుని పట్టిక నింపాడు. మొదటిసారి తీశాక ఇందుమతి అలవాటుగా, “ఇంకోటి” అంది. అప్పాజీ అయిదు మార్కులు తీసేశాడు. ఎందుకంటే మండలి నియమావళి ప్రకారం ఒకసారి తీసినదాన్ని మళ్లీ తీయడమంటే మొదటిదాని మీద విశ్వాసం లేనట్టే. “బాగా వచ్చిందంటావా?” అని దానియేలుని అడిగినందుకు మూడు పోయాయి. రెండోసారి “ఇంకోటి” అనబోయి ఆమె నోరు మూసుకుంది. నోరు మూసుకున్నందుకు రెండు మార్కులు కలిపాడు పాపం. మళ్లీ మూడు రోజులు అద్దం ముందు అరిచి, చిట్టచివరికి పదో తారీకు మధ్యాహ్నం ఇందుమతి అరవై ఆరు దగ్గర నిలిచింది.

ఇక మిగిలింది మండలి కార్యదర్శి గజేంద్రనాథ్ గారి సంతకం. ఆయన పొడవుగా, ఇస్త్రీగా ఉంటారు. మాట్లాడితే ఫైలు చదువుతున్నట్టే ఉంటుంది.

“అభ్యర్థిని తన చిత్రము పూర్తియగునని విశ్వసించుచున్నదా?” అని అడిగారాయన.

విశ్వసిస్తున్నానంది ఇందుమతి.

“సంతోషము. సినిమా వారు చిత్రము ఆరంభించునపుడు కొబ్బరికాయయు, ముగించునపుడు గుమ్మడికాయయు కొట్టుట ఆచారమని మా దృష్టికి వచ్చినది. ఆరంభించుటకు విశ్వాసముతో పనియేమి? ఎవరైనను ఆరంభింతురు. పూర్తియగునన్న నిశ్చయము గలవారు గుమ్మడికాయను ముందుగనే కొట్టవలెను. ఇది ఈ నెల నుండి అమలులోనికి వచ్చినది.”

ఆవరణలో ముగ్గు వేసి, పూలకుండీల మధ్య ఓ గుమ్మడికాయ పెట్టి ఉంచారు. వెంట వచ్చిన దానియేలు అడ్డం పడ్డాడు. పెళ్లి కాకుండా అప్పగింతల పాట పెట్టినా ఊరుకుంటాను గానీ, సినిమా అవకుండా గుమ్మడికాయ కొట్టడం మాత్రం వద్దన్నాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని అతని బాధ. ఇందుమతికీ మనసు ఒప్పలేదు. కానీ మధ్యలో ఒక్క రోజే ఉంది. కర్పూరం వెలిగించి, గుమ్మడికాయ ఎత్తి కొట్టింది. గుమ్మడికాయ మూడు ముక్కలైంది. గజేంద్రనాథ్ గారు చప్పట్లు కొట్టి, ఫొటో తీయించి, సంతకం పెట్టి ఫైలు పంపారు.

పదకొండో తారీకు ఉదయం రేవు అనుమతి పత్రం కోసం వెళ్తే అప్పాజీ తల దించుకుని కూర్చుని ఉన్నాడు. ఏమైందంటే ఫైలు తిప్పి చూపించాడు. రికార్డుల విభాగం వాళ్లు గుమ్మడికాయ ఫొటో చూసి, సినిమావాళ్ల ఆచారం తమకీ తెలుసు కాబట్టి, ‘చిత్రీకరణ పదవ తేదీన ముగిసినది’ అని నమోదు చేశారు. దాని మీద గజేంద్రనాథ్ గారు చూసుకోకుండా సంతకం చేశారు. అనుమతుల విభాగం వాళ్లు దాన్ని చూసి, ‘ముగిసిన చిత్రమునకు చిత్రీకరణ అనుమతి అవసరము లేనందున అభ్యర్థన తిరస్కరించడమైనది’ అని రాశారు. అప్పీలు చేసుకోవచ్చు. విచారణకి నలభై అయిదు రోజులు పడుతుంది.

ఇందుమతి బల్ల మీద కూర్చుండిపోయింది. ఏడుపు కూడా రాలేదు. ఇరవై రోజుల్లో ఎక్కిన మెట్లూ, అరిచిన అరుపులూ, అద్దంలో కనిపించిన తన ముఖమూ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, ఇంత పని చేయించుకుని చివరికి నా సినిమా అయిపోయిందంటారా అని ఒళ్లు మండిపోయింది. ఈ మంటకి ఎన్ని మార్కులిస్తారో కనుక్కోవాలనిపించింది.

అప్పాజీ చుట్టూ చూశాడు. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

“ఒక మాట చెప్తానండి, నేను చెప్పానని అనకండి. కాయితం ప్రకారం మీ సినిమా అయిపోయిందండి. అయిపోయిన సినిమాని ఎవరైనా తీత్తారాండి? తియ్యరు కదండి. అంచేత రేపు మీరు పంటు మీద కెమెరా పట్టుకున్నా, అది సినిమా తీయడం కాదండి.”

“మరేమిటండీ?”

“ఏదో మీ సరదాండి. సరదాకి మా దగ్గర ఫారం లేదండి.”

పన్నెండో తారీకు మధ్యాహ్నం మూడింటికే కొత్తలంక రేవు జనంతో నిండిపోయింది. ఆఖరి పంటు కదా, పని లేనివాళ్లు కూడా ఎక్కారు. ఇందుమతి, దానియేలు ఒక మూల కెమెరా బిగించుకున్నారు. స్క్రిప్టు ప్రకారం మంగాయమ్మ ఖాళీ బుట్టతో రావాలి. ఆవిడ నిండు బుట్టతో వచ్చింది. ఖాళీ బుట్టతో పంటెక్కడం తనకి అలవాటు లేదంది. పైగా ఇవాళ జనం ఎక్కువంది. ఇందుమతి నెత్తిన చెయ్యి పెట్టుకుంది గానీ కాదనలేకపోయింది.

సరిగ్గా కదిలే వేళకి జీపు దిగి గజేంద్రనాథ్ గారు వచ్చారు. వెనకాల అప్పాజీ, శిక్షణ గదిలోని బ్యానరు చుట్ట మోస్తూ మరో ఇద్దరు ఉద్యోగులు. వంతెన ప్రారంభానికి ముందురోజుని మండలి ‘విశ్వాస దినం’గా ప్రకటించిందట. ఆఖరి పంటు మీద బ్యానరు కట్టి, నది మధ్యలో ఫొటో తీయించుకోవడం కార్యక్రమం. ఎక్కీ ఎక్కగానే ఆయన కళ్లు కెమెరా మీద పడ్డాయి.

“అనుమతి లేకుండ చిత్రీకరణ చేయుట నిషిద్ధము.”

“నా సినిమా పదో తారీకునే ముగిసిందండి,” అంది ఇందుమతి. “మీ సంతకం కూడా ఉంది.” ఆ నమోదు కాగితం నకలు చేతికిచ్చింది. అప్పాజీ నది వైపు తిరిగి చాలా శ్రద్ధగా కొంగల్ని చూశాడు. గజేంద్రనాథ్ గారు కాగితం రెండుసార్లు చదివారు. తన సంతకాన్ని కాదనడం ఆయన సర్వీసులో లేదు. ఏది చేసినా ఒక్కసారే చేయవలెనని, రెండోసారి ‘ఇంకోటి’ అన్నమాట తమ చెవిన పడరాదని మాత్రం హెచ్చరించి ముందుకి వెళ్లారు.

పంటు కదిలింది. సరంగు కొప్పనాతి పల్లయ్య చుక్కాని పట్టుకున్నాడు. ముందు కొసన ఆయన తమ్ముడు నిలబడి, పొడవాటి వెదురు గెడ నీళ్లలో గుచ్చి తీస్తూ లోతు చెబుతున్నాడు. నడుం లోతు, ఛాతీ లోతు, నడుం లోతు. దాన్నిబట్టి పల్లయ్య కొంచెం ఎడమకి, కొంచెం కుడికి తిప్పుతున్నాడు. ముప్పై ఏళ్లుగా అలాగే నడుస్తోంది. కానీ గజేంద్రనాథ్ గారు ఇది ఇవాళే చూశారు.

“ఇతడు ఎన్ని సంవత్సరములుగా నడుపుచున్నాడు?” అని అప్పాజీని అడిగారు. ముప్పై దాటిందని అప్పాజీ చెప్పాడు. “ముప్పది సంవత్సరములు నడిపియు, ఇంకను లోతు కొలుచుకొనుచున్నాడా? ఇంతటి అల్పవిశ్వాసము విశ్వాస దినమున మా ఫొటోలో పడుట తగదు. ఆ కర్రను లోపల పెట్టించుడు.”

పల్లయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. “ఏరు నిన్నున్నసోట ఇయ్యాల ఉండదండి. ఇసక మేటలు తిరుగుతుంటాయండి. పైగా నీరు తీసే ఏళండి. సూసుకోకుండా ఎల్తే కష్టమండి.”

“చూచుకొనుట వేరు, విశ్వసించుట వేరు,” అన్నారు గజేంద్రనాథ్ గారు. “ఆజ్ఞ.”

పల్లయ్య తమ్ముడి వైపు చూశాడు. రేపటి నుంచి ఉద్యోగమే లేని మనిషి కూడా పెద్దదొర ఆజ్ఞ అంటే ఎందుకు తల వంచుతాడో ఎవరికీ తెలియదు. అలవాటై ఉంటుంది. గెడ లోపలికి వచ్చింది. బ్యానరు పైకి లేచింది. ‘సందేహమునకు తావు లేదు’ అన్న ఎర్ర అక్షరాల కింద గజేంద్రనాథ్ గారు ఛాతీ విరుచుకుని నిలబడ్డారు. పంటు నిస్సందేహంగా ముందుకి వెళ్లింది. రెండు ఫర్లాంగులు వెళ్లాక మెత్తగా, చప్పుడు కూడా లేకుండా, ఇసుకలో కూర్చుంది.

మోటారుసైకిళ్లు ఒకదాని మీదొకటి ఒరిగాయి. పల్లయ్య ఇంజను ఆపి, నీళ్లవైపు చూసి, తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. ఎప్పుడు కదులుతుందని గజేంద్రనాథ్ గారు అడిగారు.

“పోటొత్తే కదుల్తాదండి.”

“పోటు ఎప్పుడు వచ్చును?”

“ఆరున్నర దాటాలండి. సరిగ్గా ఎప్పుడన్నది మనకి తెలీదండి.”

తెలియదన్న మాట అంత ధైర్యంగా ఎవరైనా అనగా గజేంద్రనాథ్ గారు వినడం అదే మొదటిసారి కావచ్చు. ఏం చేయాలో తోచక బల్ల మీద కూర్చున్నారు.

నాలుగున్నరకల్లా నీరు బాగా తీసి, పంటు చుట్టూ ఇసుకదిబ్బ బయటపడింది. నది మధ్య తెల్లగా, ఎవరి అడుగూ పడకుండా ఉన్న ఇసుక. అవతల నీళ్లు, ఆ పైన సాయంకాలపు ఎండ. ఇందుమతి దాన్ని చూసి దానియేలు భుజం గట్టిగా పట్టుకుంది. రేవు మెట్ల మీద జనం తోపులాటలో తీయాల్సిన దృశ్యం. దాన్ని ఇంత ఖాళీగా పరిచి, రెండు గంటల వ్యవధి కూడా ఇచ్చి ముందు పెట్టాడు దేవుడు, కాదు, కార్యదర్శి గారు. బళ్లు దిగే తలుపుబల్లని ఇసుక మీదికి దించమని ఆమె పల్లయ్యని బతిమాలింది. మంగాయమ్మని దిగి నడవమంది.

మంగాయమ్మకి తీరిక లేదు. పంటు మీద నూటయాభై మంది ఆకలితో ఉన్నారు, బుట్ట ఒకటే ఉంది. అమ్ముతున్నంతసేపూ దానియేలు తీస్తూనే ఉన్నాడు. గజేంద్రనాథ్ గారు కూడా మొహమాటపడుతూ ఓ బఠాణీల పొట్లం తీసుకున్నారు. తింటూ తింటూ పొట్లం మీద అక్షరాలు చూశారు. తమ మండలి ముద్ర. పద్నాలుగో ప్రశ్న. పక్కన చేతిరాత.

ఆయన పొట్లం విప్పి, బఠాణీలు జేబులో పోసుకుని, ఆ రెండు వాక్యాలూ చదివారు. ఇందుమతి దగ్గరికి వచ్చారు.

“తిరగవలెనో లేదో... తెలిసినదా?” అని అడిగారు. ఆయన గొంతులో ఫైలు కొంచెం తగ్గింది.

“ఇంకా లేదండి. తీసి చూడాలి.”

గిరాకీ కాస్త తగ్గాక మంగాయమ్మ దిగి నడిచింది. మొదటిసారి వెనక్కి తిరిగింది. బాగోలేదు. రెండోసారి తిరగలేదు. అదీ బాగోలేదు. ఇందుమతి “ఇంకోటి” అని, ఆ మాట ఎవరి ముందు అందో గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. గజేంద్రనాథ్ గారు వినపడనట్టు ఉన్నారు. కానీ కొత్త చిక్కు వచ్చింది. ఇసుక మీద పాత అడుగుల గుర్తులు అలాగే ఉన్నాయి. వాటిని చెరిపితే గానీ మంగాయమ్మ కొత్తగా నడిచినట్టుండదు. చెరపడానికి చీపురు లేదు, కొబ్బరిమట్ట లేదు. దానియేలు కళ్లు బ్యానరు మీద పడ్డాయి.

ఆ తర్వాత జరిగింది చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రతిసారీ మంగాయమ్మ నడిచి వెనక్కి రాగానే, ఒక కొస అప్పాజీ, మరో కొస గజేంద్రనాథ్ గారు పట్టుకుని, ప్యాంట్లు మోకాళ్ల దాకా మడుచుకుని, ‘సందేహమునకు తావు లేదు’ అన్న గుడ్డని ఇసుక మీద ఈడ్చుకుంటూ వెళ్లేవారు. ఆరోసారికి గుడ్డ ఎలా పడితే నేల చదునవుతుందో గజేంద్రనాథ్ గారికి బాగా తెలిసిపోయింది. ఎనిమిదోసారి అప్పాజీ సరిగ్గా లాగకపోతే మళ్లీ చేద్దామని ఆయనే అన్నారు.

ఆ రెండు గంటల్లో తనకి ఆత్మవిశ్వాసం ఉందో లేదో ఇందుమతికి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఎండ పడే చోటు చూసుకుంది, మంగాయమ్మ కొంగు ఎటు ఎగురుతుందో చూసుకుంది, ప్రతిసారీ దానియేలుని బాగా వచ్చిందంటావా అని అడిగింది. అతను చాలాసార్లు లేదన్నాడు.

పదకొండోసారికి మంగాయమ్మ బుట్ట నిజంగానే ఖాళీ అయింది. ఈసారి ఇందుమతి ఏమీ చెప్పలేదు. మంగాయమ్మ పంటు దిగి, ఇసుక దాటి, నీళ్ల అంచున ఆగింది. బుట్ట దించి, బోర్లించి, అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. అడుగున మిగిలిన పొట్టూ నూకా నీళ్లలో రాలాయి. చిన్న చేపలు చేరాయి. ఆవిడ కాసేపు వాటినే చూసి, బుట్ట నెత్తిన పెట్టుకుని నీళ్ల అంచు వెంబడే నడిచి వెళ్లిపోయింది. వెనక్కి తిరగాలా వద్దా అన్న ప్రశ్నే లేకుండా పోయింది. ఇందుమతి కట్ చెప్పడం మర్చిపోయింది. చెప్పాక, ఎవరేమనుకుంటారో చూడకుండా కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

ఇలా ఎందుకు చేశావని తర్వాత అడిగితే మంగాయమ్మ వింతగా చూసింది. “రోజూ సేసేదే కదమ్మా. బుట్ట దులపకుండా ఇంటికి ఎలాగెల్తాను?”

ఏడింటికి పోటు వచ్చింది. ఈసారి గెడ నీళ్లలోనే ఉంది. పల్లయ్య తమ్ముడు లోతు పాడుతున్నట్టు చెబుతుంటే, ఎవరూ అతన్ని ఆపలేదు.

సినిమాని కొత్తలంక సామాజిక భవనంలో ఒక ఆదివారం సాయంత్రం మొదటిసారి వేశారు. గజేంద్రనాథ్ గారు వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. చివరి దృశ్యం అయిపోయాక చాలాసేపు లేవలేదు. ఇసుక మీద ఒక్క అడుగు గుర్తు కూడా లేదు చూశావా అని అప్పాజీతో రెండుసార్లు అన్నారట. ఆయన కళ్లు చెమర్చాయని అప్పాజీ చెబుతాడు. నిజమే అయుంటుంది. పనిలో చెయ్యి పెట్టినవాళ్లకి అలాగే ఉంటుంది.

ఆ చెమ్మ ఆరకముందే ఆయన ఆఫీసుకి వెళ్లి పనిలో పడ్డారు. నెల తిరిగేసరికి పాత నియమావళి రద్దయి కొత్తది వచ్చింది.

కొత్త దరఖాస్తు మూడు కాపీలు పట్టుకుని అప్పాజీ స్వయంగా వంతెన దగ్గరికి వచ్చాడు. మంగాయమ్మ ఇప్పుడు అక్కడే, వంతెన ఎక్కే మలుపులో కూర్చుంటోంది. బస్సులు నెమ్మదిగా వెళ్లే చోటు కాబట్టి బేరం పర్వాలేదు. ఇందుమతి పక్కన రాయి మీద కూర్చుని, తర్వాతి సినిమా ఎక్కడ మొదలుపెట్టాలో తేలక తల పట్టుకుని ఉంది. పంటు విప్పేశాక పల్లయ్య ఏం చేస్తాడన్నది కథ. ఏం చేస్తాడో పల్లయ్యకీ ఇంకా తెలియదు.

“మీ వల్లే మారిందండి రూలు,” అని అప్పాజీ కాగితాలు చేతికిచ్చాడు.

ఇందుమతి చదివింది. ‘ఇకమీదట స్వతంత్ర దర్శకులు తమకు తగినన్ని సందేహములు గలవని ధ్రువపత్రము పొందవలెను. కనీస పరిమితి అరువది. ప్రతి దృశ్యమును పదకొండు మార్లు తప్పక తీయవలెను. ఇసుక లేనిచో మండలియే సరఫరా చేయును.’ కింద హామీదారుల సంతకాలకి రెండు గడులున్నాయి.

ఏం రాశారమ్మా అని మంగాయమ్మ అడిగింది. ఇందుమతికి నవ్వొచ్చి, చెప్పబోయి, చెప్పలేక, కాగితాలు ఆవిడకే ఇచ్చేసింది. అప్పాజీ అభ్యంతరం చెప్పలేదు. తనకీ ఓ పొట్లం కట్టమన్నాడు.

మంగాయమ్మ కాగితాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

“ఈపాలి మందంగా ఏసేరమ్మా,” అంది సంతోషంగా. “నూనె దిగదు.”

రోడ్డు అవతల దానియేలు కెమెరా సంచీ భుజాన వేసుకుని ఎదురు చూస్తున్నాడు. ఎక్కడికి వెళ్దామని సైగ చేశాడు. తెలియదన్నట్టు ఇందుమతి చెయ్యి తిప్పి, చెప్పులు వేసుకుని, పల్లయ్య ఇంటివైపు నడిచింది.